తొమ్మిదింటి గోడ

ఇంటర్న్‌గా నాకిచ్చిన మొదటి పని
లేని గోడని వెతకడం.

డండీలో ఒక ఆసుపత్రి, కింది అంతస్తు.
ఉతికిన దుప్పట్ల బండిని లాక్కుంటూ
లాండ్రీ నుంచి లిఫ్టు దాకా తిరిగే రోబో.
పేరు మోరాగ్. ఎవరు పెట్టారో తెలీదు,
నడుముకి మాత్రం ఎవరో గళ్ళ రిబ్బను కట్టారు.
పగలంతా బుద్ధిగా తిరుగుతుంది.
రాత్రి తొమ్మిది ప్రాంతంలో
నడవా మధ్యలో ఠక్కున ఆగి
ఎదురుగా అడ్డంకి ఉందంటుంది.
ఎదురుగా ఏమీ ఉండదు.
తుడిచిన నేల, అంతే.

ఆఫీసులో, సిమ్యులేషన్‌లో,
అదే నడవా, అవే కొలతలు, అదే లిఫ్టు.
నాలుగువందల సార్లు నడిపాను.
నాలుగువందల సార్లూ నల్లేరు మీద బండే.
"నీ కోడ్‌లోనే ఉందేమో చూడు" అన్నాడు టీం లీడ్ ఫర్గస్,
టీలో బిస్కట్ ముంచుకుంటూ, మెత్తగా.
కోప్పడి ఉంటే బాగుండేది.

ఏడో వారం లాప్‌టాప్ పట్టుకుని
ఆ నడవాలోనే చతికిలబడ్డాను,
మోరాగ్ కళ్ళ ఎత్తుకి నా కళ్ళు దించి.
అక్కణ్ణించి లోకం వేరు:
చెప్పులు, చక్రాలు, సెలైన్ స్టాండు కాళ్ళు,
ఏడవడానికి వార్డు బయటికొచ్చినవాళ్ళ
మోకాళ్ళు.

నేల తుడిచే ఎల్స్‌పెత్
మాప్ కర్ర మీద గడ్డం ఆనించి ఏదో అంది.
ఆవిడ యాస నాకు సగమే అందుతుంది,
నా ఇంగ్లీషు ఆవిడకి సగం.
ఆ రెండు సగాలూ అతికిస్తే తేలిందిది:
"తొమ్మిదింటికని ఎవరన్నారు పిల్లా?
జూన్‌లో తొమ్మిదీ పదికి ఆగేది,
ఇప్పుడు తొమ్మిది కొట్టకుండానే ఆగుతోంది.
నా బస్సు టైముని బట్టి నాకు తెలుసు.
పొద్దు వాలితే ఆగుతుంది, అంతే."

లాగ్‌లోంచి టైములు తీసి వరసగా రాశాను.
రోజుకో నిమిషం ముందుకి, ఒక్కోసారి రెండు.
ముసురు పట్టిన రోజుల్లో అసలు ఆగనే లేదు.
ఆ రోజుల పక్కన నా చేత్తో నేనే
"బాగుపడింది" అని రాసుకున్నాను.
పదకొండువేల లైన్లలో దొరకనిది
పంచాంగం మొదటి గడిలో ఉంది.

పడమటి తలుపు అద్దంలోంచి
నీరెండ నేలబారుగా జొరబడి
తడి మీద తళుక్కుమంటుంది.
డెప్త్ కెమెరాకి కళ్ళు చెదిరి
అక్కడో గోడ కడుతుంది.
తాడుని చూసి పామని పరిగెత్తినవాళ్ళం,
వెలుగుని చూసి గోడనుకున్నదాన్ని
ఏ మొహం పెట్టుకుని వెక్కిరిస్తాం?

కెమెరా ఒక్కదాని మాటే నమ్మకు,
పక్కనున్న సెన్సార్‌ని కూడా అడుగు.
అది చెప్పడానికి ఆరు లైన్లు పట్టాయి.
అప్పటికి ఆగస్టు.
పొద్దు గుంకే చోటు ఎడమకి జరిగి
కార్ పార్కింగ్ భవనం వెనక పడింది.
మోరాగ్ ఆగడం మానేసింది,
నా ఆరు లైన్లు వేసినా, తీసేసినా.
టార్చిలైట్లు కొట్టి చూశాం.
సూర్యుడికి టార్చిలైటు సాటొస్తుందా.

మందు పనిచేసిందో, రోగమే ఊరెళ్ళిందో
మే నెల వస్తే గానీ తెలీదన్నాడు ఫర్గస్.
మే నెలలో నేను పరీక్ష పేపర్లలో ఉంటాను.
కోడ్ అప్పజెబుతూ పైన ఒక ముక్క రాశాను:
కనిపెట్టింది ఎల్స్‌పెత్.
ఆవిడ ఏ టీం అని
ఎడిన్‌బరో ఆఫీసు నుంచి ఎవరో అడిగారు.

ఆఖరి సాయంత్రం ఆవిడతో పాటు
బస్టాపులో నిలబడ్డాను.
మేలో ఆగితే నీకు చెప్తాలే, అంది.
ఎలా చెప్తావని నేనడగలేదు,
నా నంబరు ఆవిడా అడగలేదు.
బస్సు రెండు నిమిషాలు ముందే వచ్చేసింది.